అక్క కోసిన అంగీ

ఎవరూ, ఆ ఫోటోలో నోరు తెరుచుకుని ఉన్నావిడా? ఆవిడే మా అక్క. అందరూ ఊపిరి బిగపట్టి బొమ్మల్లా నిలబడితే తనొక్కతే నోరు తెరిచి ఉంది, నవ్వొస్తోంది కదూ. నవ్వు, నవ్వు. తనుంటే నీతోపాటే నవ్వేది. ఆ ఫోటో తీసేవాడు నల్లగుడ్డ కింద తల దూర్చి "కదలకండి, కదలకండి" అంటున్నాడా, ఈవిడేమో "బాబూ, ఆ గుడ్డ కిందనుంచి చూస్తే మేం నీకు తలకిందులుగా కనపడతామట కదా, నిజమేనా? మరి నీకు నవ్వు రాదా?" అని అడుగుతోంది. సరిగ్గా అప్పుడే నొక్కేశాడు. మళ్లీ తీస్తానని వాడంటే మా బావ వద్దన్నాడు. "నోరు మూసుకున్న ఫోటో తీస్తే ఈవిణ్ని రేపు ఎవరూ గుర్తుపట్టరు, ఇదే ఉండనీ" అన్నాడు. పక్కన మెడలో టేపు వేసుకుని నిలబడ్డాడే, ఆయనే మా బావ. దర్జీ. పెళ్లికైనా చావుకైనా మెడలో ఆ టేపు లేకుండా వెళ్లేవాడు కాదు. ఇటు కూర్చోమ్మా, ఆ కుర్చీ కాలు ఊగుతుంది. పొద్దున్నుంచీ చూస్తున్నా, ఆ ఉద్యోగం వాళ్లు ఏం చెబుతారో ఏమో అని గోళ్లు కొరుక్కుంటూ ఇల్లంతా తిరుగుతున్నావు. కొరికింది చాల్లే. కాసేపు ఆ వేళ్లని వాటి మానాన వాటిని వదిలెయ్యి, మా అక్క సంగతి చెబుతా.

మా సంఘంలో ఆవిడకి ప్రశ్నాపత్రం అని పేరు. తప్పంతా ఆ పాస్టరుగారిదే, చెప్పకేం. అప్పుడే చదువు ముగించుకుని కొత్తగా వచ్చారాయన. మరీ చిన్నవాడు, గట్టిగా దగ్గితే పడిపోతాడేమో అన్నట్టు ఉండేవాడు. మొదటి ఆదివారం ప్రసంగం అయిపోయాక మర్యాదకి "ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చు" అన్నారు. ఆ మాట అంతకుముందు పాస్టర్లూ అన్నారమ్మా, అనగానే అందరం లేచి ఇళ్లకి వెళ్లిపోయేవాళ్లం. అది లేవండి అని చెప్పడం అన్నమాట. ఆ రోజు ఎందుకోగానీ మా అక్కకి అది నిజంగానే అడిగినట్టు వినపడింది. చెయ్యెత్తింది. "అయ్యగారూ, పేతురు అత్తగారికి జ్వరం తగ్గగానే లేచి అందరికీ వడ్డించింది కదండీ. అంతమంది మగాళ్లున్నారే, ఆ ఒక్కపూట వాళ్లే వడ్డించుకుంటే ఏం పోయింది? కాసేపు పడుకోమ్మా అని ఎవరైనా అన్నారా, రాసేవాళ్లు ఆ సంగతి రాయడం మర్చిపోయారా?" అని. ఆడవాళ్ల వైపు నుంచి ఒక్కసారిగా నవ్వు. మగాళ్లందరం పైకప్పు చూస్తున్నాం, అక్కడేదో రాసి ఉన్నట్టు. పాస్టరుగారు చేతిరుమాలు తీసి మొహం తుడుచుకుని, "అది... వచ్చేవారం చూసి చెబుతానమ్మా" అన్నారు. అయిపోయింది. వచ్చేవారం అన్నారా, ఇక ప్రతివారమూ వచ్చేవారమే.

ఒకటా రెండా. యోనా చేప కడుపులోంచి బయటపడ్డాక ఆ బట్టలతోనే ఊళ్లోకి వెళ్లాడా, మార్చుకున్నాడా? ఆ వాసనకే జనం దారి ఇచ్చి చెప్పింది విన్నారేమో? అయిదు రొట్టెలూ రెండు చేపలూ ఇచ్చేసిన ఆ పిల్లాడు ఇంటికెళ్లి వాళ్లమ్మకి ఏం చెప్పుకున్నాడు, వాటినే అయిదువేల మంది తిన్నారంటే ఆవిడ నమ్మిందా, లేక ఒకటి తగిలించి మళ్లీ వండిపెట్టిందా? ఓడలో ఉన్నన్నాళ్లూ నోవహు భార్య ఆ ఏనుగుల కింద ఎవరిచేత ఊడ్పించింది? నేను బస్సు కండక్టరుని కదా, నా బస్సులో ఎక్కినవాళ్లు కూడా టిక్కెట్టు అడగడం మానేసి "ఏమయ్యా, ఈ వారం మీ అక్క ఏం అడిగింది?" అనేవాళ్లు. మన సంఘం కానివాళ్లు కూడానమ్మా. వాళ్లకి ఆ యోనా ఎవరో తెలీదు, అయినా సరే బట్టలు మార్చుకున్నాడా లేదా అని నా బస్సులో రెండు జట్లుగా విడిపోయి కొట్టుకునేవాళ్లు. దిగాల్సిన స్టాపు దాటిపోయి నన్ను తిట్టినవాళ్లున్నారు.

సంఘ పెద్ద ఒకాయన ఉండేవాడు, మందుల షాపు ఆయనది. మనిషి మంచివాడే, గొంతే కాస్త పెద్దది. ఆయనకి ఇది నచ్చలేదు. ఒకరోజు మెట్ల మీద అక్కని ఆపి, నమ్మకం ఉన్నవాళ్లు అడగరమ్మా, ఊరికే నమ్ముతారు అన్నాడు. అక్క ఏమందో తెలుసా? "అన్నయ్యగారూ, మనకి ఇష్టమైనవాళ్ల గురించే కదండీ అన్నీ తెలుసుకోవాలనిపిస్తుంది. నేను ఏనాడైనా కరెంటు మీటరు గురించి మిమ్మల్ని అడిగానా?" అంది. ఆయన, బాగానే ఉందమ్మా మీటరు అంటూ వెళ్లిపోయాడు. ఆ మాట అన్న తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వెటకారం కాదు. తనకి నిజంగానే ఆయనంటే, అదే, ప్రభువంటే, పక్కింట్లోకి కొత్తగా దిగిన మనిషి మీద ఉన్నంత ఆసక్తి. ఏం తింటాడు, ఎలా నవ్వుతాడు, వడ్రంగం పనిలో ఎప్పుడైనా వేలు మీద సుత్తి పడిందా, పడితే ఏమన్నాడు.

అలాగని దిగుళ్లు లేని మనిషనుకునేవు. అందరి దిగుళ్లూ ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లలు, ఒకదానికి ఎప్పుడూ దగ్గే. కింద దుకాణం, పైన రెండు గదులు, ఆ రెంటిలో ఒకటి నాదీ మీ నానమ్మదీ. వాన పడితే మెట్ల గదిలోకి నీళ్లు. దుకాణంలో కోతా కుట్టూ బావ పని, కాజాలూ గుండీలూ అంచులూ అక్క పని. ఆ కాజాలు కుట్టడంలో ఆవిడకో పద్ధతుంది. ఒక కాజా కుడుతున్నంతసేపు దిగులు పడొచ్చు, ఎంత కావాలంటే అంత. దారం ముడేసి తెంపగానే ఆ దిగులు ఆపెయ్యాలి. తర్వాతి కాజాకి ప్రశ్న. ఆ తర్వాతిది మళ్లీ దిగులు. చొక్కాకి మెడ దగ్గరది ప్రశ్నతో మొదలుపెట్టి, కింద చివరిది కూడా ప్రశ్నే వచ్చేట్టు చూసుకునేది. "మధ్యలో ఎన్నయినా పడతానురా, మొదలూ చివరా మాత్రం నేనివ్వను" అనేది నాతో. నవ్వేస్తున్నావు, నిజం చెబుతున్నానమ్మా. మా బావ వేలితో తడిమి చెప్పేవాడు, ఇదిగో ఇది దిగులు కాజా, బిగిసిపోయింది, గుండీ దూరడం లేదు. ఇది ప్రశ్న కాజా, వదులుగా ఉంది, గుండీ జారిపోతోంది అని. బడిపంతులు ఒకాయన దుకాణానికి వచ్చి, నా చొక్కా ఒకటి విడిచి ఒకటి ఊడిపోతోందేమిటయ్యా అని గోల పెట్టాడు. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎంత నవ్వేవాడనుకున్నావు ఆయన. నవ్వితే బల్ల మీద కత్తెర ఊగేది.

ఆ... అలాంటి మనిషికి పక్షవాతం వచ్చిందమ్మా. ఒక పొద్దున బల్ల మీద గుడ్డ పరిచి కోస్తున్నాడు, కత్తెర జారి కింద పడింది. తియ్యబోతే వేళ్లు మూసుకోలేదు. కుడి చెయ్యి. ముఖం, కాలు కూడా కాస్త లాగాయి గానీ అవి కొన్నాళ్లకి చాలావరకు సర్దుకున్నాయి. చెయ్యి మాత్రం పక్కన వేలాడుతూ ఉండిపోయింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి పై గదిలో మంచం మీద పడుకోబెడితే గోడ వైపు తిరిగాడు. అంతే. తిరిగినవాడు ఇటు తిరగలేదు. మాట ఉంది, మాట్లాడడు. తిండి ఉంది, తినడు, బలవంతం చేస్తే రెండు ముద్దలు. డాక్టరు వచ్చి చూసి, బయటికొచ్చాక మాతో చెప్పాడు. చెయ్యి సంగతి నేను చెప్పలేను, రావచ్చు, రాకపోవచ్చు, దాంతో ప్రాణానికి ఏమీ కాదు. కానీ ఈ మనిషికి లేవాలని లేదు. ఇలాగే పడుకుంటే మాత్రం ఎక్కువకాలం ఉండడు అన్నాడు. ఆ మాట విని మీ నానమ్మ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. మా అక్క ఒక్కతే డాక్టరు వెనకాలే మెట్లు దిగుతూ, మనిషికి లేవాలనిపించడం ఎక్కడ మొదలవుతుందండీ, కాళ్లలోనా తలలోనా అని అడిగింది. పాపం ఆయన సంచి చంకలో పెట్టుకుని త్వరత్వరగా వెళ్లిపోయాడు.

ఇక చూడు, ఇంటికి జనం. వచ్చినవాళ్లు వచ్చినట్టు బావకి ఏదో ఒకటి చెప్పడమే. ఒకరు ఇది పరీక్ష అంటారు. ఒకరు ఇంకా పెద్ద కష్టం తప్పిపోయింది, సంతోషించు అంటారు. మందుల షాపు పెద్దాయన సరిగ్గా చెవి దగ్గర కూర్చుని ప్రార్థన చేసేవాడు, ఆ గొంతుకి వీధిలో సైకిళ్లు ఆగేవి. మధ్యలో, మనలో ఏదైనా దాచిన పాపం ఉందేమో వెతుక్కోవాలి అన్నాడు. అక్క ఆయన ముందు టీ గ్లాసు పెట్టి, "అవునండీ, మీకు ఆ మధ్య మోకాలు వాచింది కదా, ఏం దొరికింది మరి?" అంది. చాలా మెల్లగా అంది, మర్యాదగా. ఆయన టీ తాగి, మోకాలు నిమురుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పళ్లు పట్టుకుని మళ్లీ వచ్చాడనుకో, చెప్పాగా మంచివాడేనని. వాళ్లందరూ వెళ్లాక అక్క నాతో, "ఒరేయ్, మీ బావకి జవాబులు ఎక్కువైపోయాయిరా. కడుపు నిండా జవాబులే. ఇప్పుడు ఆయనకి ఒక్క ప్రశ్న పుట్టాలి" అంది.

అప్పటినుంచీ రోజూ అదే పని. కాజాల బుట్ట పైకి తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంటుంది, ఆ వీపుతోనే మాట్లాడుతుంది. ఏవండీ, లాజరు సమాధిలోంచి లేచి వచ్చాక ఆ ఊరి జనం ఆయన్ని నిద్రపోనిచ్చారంటారా, ఎలా ఉంది ఎలా ఉంది అని తలుపు కొట్టి చంపేసి ఉండరూ? ఏవండీ, కానా పెళ్లిలో ఆ నీళ్లు మోసినవాళ్లు ఏ కుండ దగ్గర ద్రాక్షారసం అయిందని కనిపెట్టారంటారు? వీపు కదలదు. మీ నానమ్మకి కూడా అంటుకుంది ఆ జబ్బు, గిన్నెలు తోముతూ తోముతూ ఆపి, అవునొదినా, ఏదెను తోటలో పాముకి అంతకుముందు కాళ్లుండేవా అని తలుపు దగ్గరనుంచి కేకేసేది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో ఇద్దరాడవాళ్లూ పాము కాళ్ల గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు, మంచం మీద మనిషి గోడ చూస్తూ ఉండేవాడు. నాకు నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది. ఒకసారి దుకాణంలోకి వెళితే తగిలించిన కోట్ల వెనక ఏదో కదులుతోంది. అక్క. గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నన్ను చూసి తుడుచుకోలేదు. "పొద్దున అంత వాన పడిందిరా, రేకుల మీద అంత చప్పుడు. వానా అని కూడా అడగలేదురా ఆయన. చెయ్యి పోతే పోనీ, నేనున్నాను. ఏమీ తెలుసుకోవాలని లేని మనిషిని నేనేం చెయ్యనురా" అంది. అక్క భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. చిన్నప్పటినుంచీ నన్ను పెంచిన మనిషమ్మా, అంత చిన్నదైపోయి కనిపించడం అదే మొదటిసారి. ఆ రోజు భయం వేసింది నాకు.

ఏది, మంచినీళ్లు ఇలా ఇయ్యి. ఆ, ఇంతలో వచ్చింది అంగీ గొడవ. పాస్టరుగారు ఆరాధనలో వేసుకునే పొడుగాటి తెల్ల అంగీ భుజం దగ్గర చిరిగిపోయింది. సంఘం వాళ్లు మంచి గుడ్డ తెచ్చారు, ఒకవైపు నిగనిగలాడుతూ ఉంటుందే, అలాంటిది. బావ పడి ఉన్నాడు కదా, వేరేచోట ఇద్దామా అన్నారు. అక్క ఇయ్యనంటే ఇయ్యనంది, మేమే కుడతాం అని గుడ్డ లాక్కున్నంత పని చేసింది. ఆవిడ జన్మలో కత్తెర పట్టి ఒక ముక్క కోసింది లేదు. పైకెళ్లి, ఏవండీ, చంక ఎంత లోతు పెట్టను అని అడిగింది. గోడ. చేతులకి ఎంత వదలను అని అడిగింది. గోడ. సరే అని కిందికొచ్చి, ప్రార్థన చేసుకుని, పాత అంగీ విప్పదీసి కొలత కాగితాలు కోసుకుని, వాటిని గుడ్డ మీద పెట్టి కోసేసింది. దర్జీ వాళ్లకి తెలిసిన సంగతి ఒకటుందమ్మా. గుడ్డకి మంచివైపూ లోపలివైపూ ఉన్నప్పుడు ఒక చెయ్యి కోశాక, కాగితాన్ని బోర్లా తిప్పి రెండో చెయ్యి కొయ్యాలి. అప్పుడే ఒకటి కుడిదీ ఒకటి ఎడమదీ వస్తాయి. మా అక్క తిప్పలేదు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. ఆవిడకి తెలీదు. కుట్టేటప్పుడు ఒకవైపు ఎంతకీ కుదరకపోతే గుడ్డదే తప్పనుకుని గట్టిగా లాగి, గుంజి, రెండు వరసలు బిగించి కుట్టేసింది. పైగా ఇస్త్రీ చేసి చూస్తే ఎంత బాగుందో. పాస్టరుగారు కూడా మురిసిపోయారు.

ఆదివారం బావని ఎలాగైనా తీసుకెళ్లాలంది అక్క. కుర్చీలో కూర్చోబెట్టి నేనొకవైపు, మందుల షాపాయన ఒకవైపు మోసుకెళ్లాం. ఆయన దారంతా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు, మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఆపి "ఎడమకి, ఎడమకి" అనేవాడు. బావని ముందు వరస పక్కన పెట్టాం. కళ్లు మూసుకునే ఉన్నాడు. పాటలు, వాక్యం, ప్రసంగం, అన్నీ బాగానే జరిగాయి. పాస్టరుగారు చెయ్యి బల్ల మీదనుంచి ఎత్తలేదు కదా అప్పటిదాకా. చివర్న ఆశీర్వాదం. అందరం తల వంచాం. ఆయన రెండు చేతులూ పైకెత్తారు. ఎడమ చెయ్యి చక్కగా లేచింది. కుడి చేత్తోపాటు అంగీ మొత్తం లేచింది. మెడపట్టీ వెళ్లి చెవిని కప్పేసింది, కింద అంచు మోకాలు దాటి పైకొచ్చింది, లోపల ప్యాంటు మడిచి ఉంది, ఒక మేజోడు నల్లది, ఒకటి గోధుమరంగుది. ఆయనకి తెలిసిపోయింది. దించబోతే చంక దగ్గర చిన్న చప్పుడైంది, ఫట్‌మని. ఇంక దించితే ఏమవుతుందోనని అలాగే ఉండిపోయారు, చేతులు పైకి పెట్టి, పోలీసులు పట్టుకున్నట్టు. ఆశీర్వాదంలో మాటలు కూడా మర్చిపోయారు. జనం తల వంచుకునే ఉన్నారు గానీ భుజాలు ఊగుతున్నాయి. పాటలు పాడే ఆడపిల్లలు ఒకళ్ల వీపు వెనక ఒకళ్లు దాక్కున్నారు. మీ నానమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా గిల్లిందంటే, మచ్చ చాలాకాలం ఉంది.

అప్పుడు వినపడింది చప్పుడు. కుర్చీలోంచి. గురగురమని, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు. మళ్లీ వచ్చిందిరా దేవుడా, ఇక్కడే పోతున్నాడు అనుకున్నా. పరిగెత్తి వెళ్లి చూస్తే కళ్లు తెరిచి ఉన్నాడు. కళ్లమ్మట నీళ్లు. నవ్వుతున్నాడమ్మా. నోరు సరిగ్గా తెరుచుకోక, ఒకవైపు నుంచి, కుర్చీ కదిలేలా నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి ఊపిరి తీసుకుని, గుడి మొత్తానికి వినపడేలా అడిగాడు, "ఏమే, ఆ చేతులు ఎలా కోశావే?"

మా అక్క లేచి నిలబడింది, బడిలో పంతులు లేపితే నిలబడతారే, అలా. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. కాగితం పెట్టి ఒకటి కోశానండి, పక్కకి జరిపి ఇంకొకటి కోశానండి అంది. తిప్పావా అన్నాడు. ఏది తిప్పాలండీ అంది. కాగితమే, కాగితం బోర్లా తిప్పావా? లేదండీ, తిప్పాలా? ఇలా సాగుతోంది సంసారం, నడి ఆరాధనలో. చేతులెత్తుకుని నిలబడ్డ పాస్టరుగారు, ఆ మెడపట్టీ వెనకనుంచి, "అయ్యా, నేను దించవచ్చా?" అన్నారు. "దించకండి, అలాగే ఉండండి, చూడనివ్వండి" అన్నాడు మా బావ. దగ్గరికి తీసుకెళ్లమని నన్ను అడిగాడు. తీసుకెళ్లాం. ఎడమ చేత్తో ఆయన చంక తడిమి, "అయ్యగారూ, మీకు రెండు ఎడమ చేతులు పెట్టింది మా ఆవిడ" అన్నాడు. ఇక ఆగలేదమ్మా జనం. మందుల షాపాయన నవ్వు చూడాలి నువ్వు, ఆ గొంతుతో. అందరూ నవ్వుతుంటే మా అక్క ఒక్కతే ముఖం కొంగులో దాచుకుని ఏడ్చేసింది. సిగ్గుతో అనుకున్నారు అందరూ. కాదు. ఆయన అడిగాడు కదా. అన్ని రోజుల తర్వాత ఏదో తెలుసుకోవాలని అడిగాడు కదా, అందుకు. తర్వాత చాలామంది అడిగారు, ఆయన్ని లేపాలని కావాలనే అలా కుట్టావా అని. లేదండీ, నిజంగానే నాకు రాదు అనేది. అబద్ధం చెప్పడం చేతకాదు ఆవిడకి. వచ్చుంటే గొప్పకి అవునని చెప్పుకునేది.

ఇంటికొచ్చాక బావ మంచం ఎక్కలేదు. బల్ల దగ్గర కూర్చోబెట్టమన్నాడు. అంగీ విప్పించాడు, మిగిలిన గుడ్డ మీద ఎడమ చేత్తో సుద్ద పట్టుకుని వంకరటింకరగా గీశాడు, ఆవిడచేత కోయించాడు. అక్కడ కాదే, ఇక్కడ, ఓ దేవుడా, నీకు కళ్లున్నాయా గుండీలున్నాయా అని తిడుతున్నాడు. అక్క ఆ తిట్లకి ఎంత మురిసిపోయిందో. తిట్టు తిట్టుకీ ఒక ముద్ద పెట్టేది నోట్లో. మధ్యలో తింటున్నానన్న సంగతి ఆయనకి తెలీనే లేదు. సాయంత్రానికి అంగీ అయిపోయింది. మేం నలుగురం అక్కడే కూర్చున్నాం, టీ తాగుతూ, పొద్దుటి సంగతి మళ్లీ మళ్లీ చెప్పుకుని నవ్వుకుంటూ. బావ తన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి బల్ల మీద పెట్టుకున్నాడు. అంతవరకూ దాన్ని చూసేవాడు కాదు, దుప్పటి కింద దాచేవాడు. కాసేపు దానివంక చూసి, "ఏమే, ప్రభువు లేచి వచ్చాక ఆ దారిలో కలిసిన ఇద్దరితో కూర్చుని రొట్టె విరిచాడు కదా. ఆ చేతులతోనే కదా. సిలువ మీద మేకులు దిగిన చేతులతో. నొప్పి పుట్టలేదంటావా?" అన్నాడు. ఆయనే మళ్లీ, "చావునే గెలిచి లేచినవాడికి చేతులు బాగుచేసుకోవడం ఓ లెక్కా? ఆ గాయాలు మాత్రం అలాగే ఎందుకు ఉంచుకున్నాడే?" అన్నాడు.

మా అక్క టీ గ్లాసు కింద పెట్టేసింది. అన్నేళ్లు అన్ని ప్రశ్నలడిగిన మనిషి. నోవహు భార్యని వదల్లేదు, చేపని వదల్లేదు. "నాకు తెలీదండీ" అంది. అని, లేచి వెళ్లి, ఆ పడిపోయిన చేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నాకెందుకు రాలేదు ఇది, ఛీ, నాకెందుకు రాలేదు" అని కళ్లు తుడుచుకుంటూ ఒకటే నవ్వు. అసూయమ్మా. పచ్చి అసూయ. ఆ తర్వాత కూడా వారం రోజులు మూతి ముడుచుకునే తిరిగింది, అంత మంచిది ఆయనకి దొరికిందని.

చెయ్యి రాలేదు. అదీ చెబుతున్నా, మళ్లీ నువ్వు కథలో లాగా వచ్చిందనుకునేవు. ఎంతమంది ప్రార్థన చేసినా, ఎన్ని నూనెలు రాసినా అది రాలేదు. అలాగే బతికాడు, బోలెడంత కాలం. ఆవిడ చేతులు, ఆయన కళ్లు, దుకాణం నడిచింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. దిగుళ్లు ఎక్కడికీ పోలేదు. కాజాకొకటి చొప్పున వస్తూనే ఉండేవి. కానీ రోజూ పొద్దున కత్తెర చప్పుడుతోపాటు వాళ్లిద్దరి వాదన వినపడేది పైకి, ఇవాళ ఎవరిని పట్టుకున్నారో, మోషేనో మరియనో అనుకుంటూ నేను డ్యూటీకి దిగేవాణ్ని. ఆ చప్పుడు వింటూ మెట్లు దిగితే నా పాడు బస్సు కూడా బాగానే ఉండేది.

అక్కే ముందు పోయింది. ఎవరూ అనుకోలేదు. చిన్న జ్వరం అన్నారు, లేవలేదు. సమాధి దగ్గర పాస్టరుగారు, అప్పటికి ఆయనకీ జుట్టు నెరిసిందిలే, అదే అంగీలో ఉన్నారు. ప్రార్థన మొదలుపెట్టి ముగించలేకపోయారు. మేమందరం ఏడుస్తున్నాం. నేను బావ కుర్చీ పక్కనే నిలబడ్డా, ఏమైపోతాడో, మళ్లీ గోడ వైపు తిరుగుతాడేమో అని నా భయం నాది. ఆయన నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. వంగాను. "ఒరేయ్, ఈపాటికి మొదలుపెట్టేసి ఉంటుంది ప్రభువు దగ్గర. పాపం, ఊపిరి తీసుకోనివ్వదు" అన్నాడు. నాకు ఏడుపులో నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు, ఆ ఒకవైపు నవ్వు. తర్వాత ఒళ్లో ఉన్న కుడి చేతిని సర్దుకుని, "చేతుల సంగతి మాత్రం అడగొద్దని నిన్నే చెప్పానురా మీ అక్కకి. అన్నీ నువ్వే అడిగెయ్యి, అదొక్కటీ నాది, నేనొచ్చి అడుగుతా అని చెప్పాను. సరేనంది" అన్నాడు.

...

ఆ కిటికీ రెక్క కాస్త దగ్గరికి వెయ్యమ్మా. గాలి.